బిడ్డ సరే, తల్లి ఎలా వుంది?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో వృథా ఖర్చుల గురించి పెద్దలు ఇంతసేపూ చక్కగా సెలవిచ్చారు. మాకు అప్పగించిన విషయం వేరు. కాన్పు కష్టమై, ప్రాణాల మీదికి వచ్చి, ఎలాగో గట్టెక్కి ఇల్లు చేరిన తల్లి మనసు సంగతి. ఇది ఆడవాళ్ళు గదిలో చెప్పుకునే మాటేగాని సభలో చెప్పేది కాదని కొందరికి అనిపించవచ్చు. కాని ఇందులో మగవాళ్ళు వినవలసిన మాటలే ఎక్కువ. అందుకే సభలోనే మనవి చేసుకుంటున్నాము.

ముందు మంచి మాట చెప్పుకుందాం. మన అమ్మమ్మల కాలంలో చేవెళ్ల, మొయినాబాదు ఊళ్ళల్లో కాన్పంటే ఇంట్లో చాప మీద, మంత్రసాని చేతుల మీద జరిగేది. అడ్డం తిరిగిన బిడ్డ, ఆగని రక్తం అంటే ఇక అల్లా మీద భారం వేయడమే. ఈ రోజు ఆ పరిస్థితి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. 2005 ఆగస్టులో హైదరాబాదులో మొదలైన 108 బండి ఇప్పుడు మారుమూల తండాకు కూడా వస్తున్నది. 2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం కేసీఆర్ కిట్ పథకం తెచ్చినప్పుడు సర్కారు దవాఖానాలో కాన్పయిన తల్లికి మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు విడతలవారీగా ఇచ్చే ఏర్పాటు చేసింది. ఇవన్నీ ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన పనులు. వీటిని తక్కువ చేసి మాట్లాడడం మా ఉద్దేశం కాదు.

అయితే శరీరం దక్కినంత మాత్రాన మనిషి పూర్తిగా దక్కినట్టేనా? ఇదే మా ప్రశ్న.

మన వైపు కష్టమైన కాన్పు ఎలా జరుగుతుందో మీకు తెలియనిది కాదు. నొప్పులు మొదలవుతాయి. దగ్గర్లో వున్న దవాఖానాకు తీసుకుపోతారు. బీపీ పెరిగిందనో, ఫిట్సు వచ్చాయనో, ఉమ్మనీరు పోయిందనో, బిడ్డ గుండె సరిగా కొట్టుకోవడం లేదనో చెప్పి పట్నం రాసిస్తారు. మర్రిచెట్లకు పేరుపడిన ఆ బీజాపూరు రోడ్డు మీద, చేవెళ్ల నుంచి అయితే సుమారు 40 కిలోమీటర్లు, ఆ పిల్ల నొప్పులు పడుతూ బండిలో పోవాలి. పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రో, కోఠీ దగ్గరి సుల్తాన్ బజార్ ఆసుపత్రో, ఏదైనా ప్రైవేటు నర్సింగ్ హోమో చేరుతుంది. ఆపరేషను అవుతుంది. అదే సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషనువే. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, ఊపిరి సరిగా అందకపోయినా నీలోఫరుకు పంపిస్తారు. తల్లి ఒక ఆసుపత్రిలో కుట్లతో పడుకుని వుంటుంది. బిడ్డ ఇంకో ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో వుంటుంది. బిడ్డ ముఖం సరిగా చూడని తల్లి పాలు పిండి గిన్నెలో పంపిస్తుంది. ఫోను మోగినప్పుడల్లా ఏ వార్తోనని గుండె ఆగిపోతుంది.

పదిరోజులకో ఇరవై రోజులకో ఇద్దరూ ఇల్లు చేరతారు. మిఠాయి పంచుతారు. చుట్టాలు వస్తారు. అందరూ బిడ్డను చూసేవాళ్ళే. "నానా మాదిరే వుంది ముక్కు" అంటారు. తల్లిని అడిగితే ఒక్కటే అడుగుతారు: పాలు పడుతున్నాయా, కుట్లు ఎండాయా? ఆ పిల్ల ఎందుకో కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, "బిడ్డ బాగున్నాడు గదా, ఇంకేం కావాలె నీకు? అల్లాకు షుకర్ చేసుకో" అంటారు. అన్నవాళ్ళు ప్రేమతోనే అంటారు. కాని ఆ మాటతో ఆమె నోటికి తాళం పడుతుంది. తన బాధ కృతఘ్నత అనుకుని లోపలే దిగమింగుకుంటుంది.

మేము నలుగురైదుగురం ఆడవాళ్ళం కలిసి ఇళ్ళకు వెళ్ళి పలకరించినప్పుడు విన్న సంగతులు రెండు చెబుతాము. పేర్లు, ఊర్లు చెప్పము. మొయినాబాదు వైపు ఒక తల్లి, బిడ్డకు మూడు నెలలు నిండాయి, ఆరోగ్యంగా వుంది. అయినా రాత్రి నిద్రపోదు. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూ కూర్చుంటుంది. పెద్దరోడ్డు మీద అంబులెన్సు కూత వినిపిస్తే చెమటలు పట్టి వణుకుతుంది. చేవెళ్ల వైపు ఇంకొక తల్లి బిడ్డను ఎత్తుకోదు. ఏడిస్తే ఆడబిడ్డకు ఇస్తుంది, గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇంట్లోవాళ్ళు బద్ధకం అన్నారు, పొగరు అన్నారు. మేము పక్కన కూర్చుని ఊరికే చేయి పట్టుకుంటే అరగంట తర్వాత ఒక మాట అన్నది: "నేను ఆ రాత్రే చచ్చిపోయిన అనిపిస్తది ఆపా. ఇది నేను కాదు."

సోదరులారా, ఇది బద్ధకం కాదు, పొగరు కాదు, ఈమాన్ తక్కువై వచ్చింది అంతకన్నా కాదు. ఇది జబ్బు. పేరున్న జబ్బు, మందున్న జబ్బు. 1858లోనే పారిస్‌లో లూయీ విక్టర్ మార్సే అనే వైద్యుడు బాలింతల మానసిక వ్యాధుల మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు. అంటే వైద్యులు దీన్ని గుర్తించి నూటయాభై ఏళ్ళు దాటింది. మన ఇళ్ళకే ఇంకా కబురు అందలేదు.

డాక్టర్లు చెప్పేదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇందులో నాలుగు రకాలు వున్నాయి.

మొదటిది చాలామందికి వచ్చేది. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు, ఇంతలోనే నవ్వు. సగానికి పైగా తల్లులకు ఇది వుంటుంది. నిద్ర, తిండి, మంచి మాట వుంటే రెండు వారాల్లో దానంతటదే పోతుంది. దీనికి మందు అక్కర్లేదు.

రెండోది రెండు వారాలు దాటినా పోనిది. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, నేను పనికిరాని తల్లిని అనే ఆలోచన, కొందరికి చచ్చిపోవాలనే ఆలోచన. దీన్ని కాన్పు తర్వాతి డిప్రెషన్ అంటారు. మన దేశంలో జరిగిన 38 పరిశోధనలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రచురించిన లెక్క ప్రకారం ఇది నూటికి 22 మంది తల్లులకు వస్తున్నది. అంటే ఐదుగురిలో ఒకరు. మన వీధిలో ఐదుగురు బాలింతలుంటే అందులో ఒకరు. మన ఆడవాళ్ళు దీన్ని డిప్రెషన్ అని చెప్పరు. "దిల్ ఘబ్రారా" అంటారు. "కమ్‌జోరీ" అంటారు. "పాణం మంచిగ లేదు" అంటారు. ఆ మాట విని టానిక్కు సీసా రాసి పంపిస్తే సరిపోదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా ఇలాంటి నీరసం, దిగులు వస్తాయి. కాబట్టి రక్తపరీక్ష కూడా చేయించాలి.

మూడోది కష్టమైన కాన్పుకే చెందింది. ఆ రాత్రి జరిగిందంతా మళ్ళీ మళ్ళీ కళ్ళముందు తిరగడం, పీడకలలు, ఆసుపత్రి పేరు చెబితే వణుకు, మళ్ళీ గర్భమంటే భయం, అందువల్ల భర్త దగ్గరికి వస్తేనే భయం. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు, భూకంపంలో బతికి బయటపడ్డవాళ్ళకు వచ్చే బాధే ఇది. 2017లో అనేక దేశాల పరిశోధనలు కలిపి చూస్తే మామూలు తల్లుల్లో నూటికి నలుగురికి, కష్టమైన కాన్పులు మొదలైన ప్రమాదంలో వున్న తల్లుల్లో నూటికి సుమారు 18 మందికి ఇది కనిపించింది.

నాలుగోది అరుదు. వెయ్యికి ఒకరిద్దరికి వస్తుంది. కాని అత్యవసరం. కాన్పయిన మొదటి రెండు వారాల్లో హఠాత్తుగా నిద్ర పూర్తిగా పోతుంది. లేనివి వినిపిస్తాయి, కనిపిస్తాయి. ఎవరో బిడ్డకు విషం పెడుతున్నారంటుంది, ఈ బిడ్డ నాది కాదంటుంది. పాతకాలంలో దీన్నే బాలింత సన్నిపాతం అన్నారు. ఇప్పటికీ గాలి సోకిందని, ఆసర్ పడిందని అంటున్నారు. దువా చేయించవద్దని మేము అనడం లేదు. దువా చేయించండి. కాని దువాకూ దవాకూ పోటీ పెట్టకండి. ఊదు పొగలు, దెబ్బలు, గదిలో పెట్టి గొళ్ళెం వేయడం మాత్రం ససేమిరా కూడదు. ఈ తల్లిని ఒక్క పూట కూడా ఆలస్యం చేయకుండా, బిడ్డతో ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. సరైన వైద్యం అందితే ఎక్కువమంది కోలుకుంటారు.

"ఎర్రగడ్డకు తీసుకుపోతే పరువు పోదా?" అని అడుగుతారు. మన హైదరాబాదు ప్రాంతంలో ఆ పేరునే ఎగతాళి మాట చేసుకున్నాం. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఎగతాళి చేయవలసిన చోటు కాదు, వైద్యం దొరికే చోటు. బిడ్డను లాక్కుంటారేమో అని ఇంకో భయం. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య రక్షణ చట్టం ప్రకారం చికిత్సలో వున్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. బిడ్డకు అపాయమని డాక్టరు తేల్చినప్పుడే కొంతకాలం దూరంగా వుంచుతారు. బెంగుళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలో 2009 నుంచి తల్లినీ బిడ్డనూ కలిపే చేర్చుకుని వైద్యం చేసే వార్డు నడుస్తున్నది. పాలిచ్చే తల్లులకు ఇవ్వదగిన మందులు కూడా డాక్టర్ల దగ్గర వున్నాయి. డాక్టరుకు చెప్పకుండా మందు మానేయకూడదు, అంతే.

ఇక మతం సంగతి. ఏడ్చే తల్లిని చూసి "సబర్ లేదు" అనేవాళ్ళకు ఒక మనవి. హజ్రత్ మర్యం అలైహిస్సలాం ప్రసవ వేదనలో ఖర్జూర చెట్టు మొదలు పట్టుకుని, ఇంతకుముందే చనిపోయి వుంటే బాగుండేదని అనుకున్న సంగతి ఖుర్ఆన్‌లో వుంది. ఆమెను అక్కడ ఎవరూ గద్దించలేదు. దుఃఖపడవద్దనే ఓదార్పు వచ్చింది, తాగడానికి నీరు చూపబడింది, తినడానికి పండు దొరికింది. ఓదార్పు, నీరు, ఆహారం. బాలింతకు ముందు కావలసినవి ఈ మూడే కదా! అంత గొప్ప స్త్రీ నొప్పిలో ఆ మాట అనగలిగినప్పుడు మన ఇంటి కోడలు అంటే తప్పెలా అవుతుంది?

బిడ్డ దక్కని తల్లి మాట మరీ బాధాకరం. ఖాళీ చేతులతో ఇల్లు చేరుతుంది. పాలు మాత్రం వస్తూనే వుంటాయి. "చిన్నదానివి, మళ్ళీ పుడతారు లే" అంటారు. బిడ్డ బట్టలు ఆమె చూడకముందే ఎవరికో ఇచ్చేస్తారు. బిడ్డ పేరు ఎత్తరు. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం తమ పసిబిడ్డ ఇబ్రాహీం చనిపోయినప్పుడు కన్నీరు పెట్టుకున్నారు. ఆ కన్నీటిని చూసి ఆశ్చర్యపోయిన సహచరునికి అది కరుణ అని చెప్పారు. అందుచేత ఆ తల్లిని ఏడవనివ్వండి. బిడ్డ పేరు చెప్పుకోనివ్వండి.

ఆడపిల్ల పుట్టినప్పుడు ముఖాలు మాడ్చుకోవడం గురించి ఇదివరకు ఎన్నో సభల్లో చెప్పుకున్నాం. అది అన్యాయమని చెప్పుకున్నాం. అది జబ్బు కూడా తెస్తుందని ఇప్పుడు చెబుతున్నాము. గోవాలో బాలింతల మీద చేసి 2002లో ప్రచురించిన పరిశోధనలో నూటికి 23 మందికి డిప్రెషన్ కనిపించింది. పేదరికం, భర్త కొట్టడం, కొడుకు కోసం ఎదురుచూసే ఇంట్లో కూతురు పుట్టడం దానికి దారితీసే కారణాల్లో వున్నాయని తేలింది. ఈ మూడింటిలో పేదరికం ఒక్క రోజులో పోదు. మిగతా రెండూ మగవాళ్ళు తలచుకుంటే ఈ సాయంత్రమే పోతాయి.

మరి మనం ఏం చేయగలం? డాక్టర్లం కాదు కదా, అంటారా? పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో జరిగిన ఒక ప్రయత్నం చెబుతాము. డాక్టర్ ఆతిఫ్ రెహమాన్, ఆయన తోటివాళ్ళు అక్కడి ఆరోగ్య కార్యకర్తలకు, అంటే మన ఆశా కార్యకర్తల వంటివాళ్ళకు, కొద్దిరోజుల శిక్షణ ఇచ్చారు. వాళ్ళు డిప్రెషన్‌తో వున్న తల్లుల ఇళ్ళకు కాన్పుకు ముందు నుంచి దాదాపు ఏడాది పాటు వెళ్ళి కూర్చుని మాట్లాడారు. చెడ్డ ఆలోచనను గుర్తుపట్టడం, దానికి బదులు ఆలోచన వెతుక్కోవడం, ఇంట్లోవాళ్ళను కలుపుకోవడం నేర్పారు. 2008లో ఫలితం ప్రచురించారు. ఆరు నెలలకు చూస్తే ఆ విధంగా మాట్లాడిన తల్లుల్లో నూటికి 23 మందిలోనే డిప్రెషన్ మిగిలింది. మామూలుగా పలకరించి వచ్చిన తల్లుల్లో నూటికి 53 మందిలో మిగిలింది. పైగా ఆ బిడ్డలకు విరేచనాలు తగ్గాయి, టీకాలు పెరిగాయి. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతినే పుస్తకంగా వేసి అన్ని దేశాలకూ ఇచ్చింది. పెద్ద మిషన్లు లేవు, పెద్ద ఖర్చు లేదు. శిక్షణ తీసుకుని, ఓపికగా కూర్చున్న ఆడవాళ్ళు చేసిన పని అది.

మనకు అలాంటి పనికి కావలసిన ఏర్పాటు ముందునుంచే వుంది. దాని పేరు చిల్లా. నలభై రోజులు బాలింతను పనిచేయనివ్వం. హరీరా తాగిస్తాం, ఒళ్ళు మర్దన చేస్తాం, ఛటీ చేస్తాం, అఖీఖా చేస్తాం, నలభయ్యో నాడు స్నానం చేయించి బయటికి తెస్తాం. ఒళ్ళు బాగుపడడానికి మన పెద్దలు పెట్టిన మంచి పద్ధతి ఇది. సర్కారు లెక్క కూడా దీనికి దగ్గరగానే వుంది. ఆసుపత్రి కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు రావాలని నియమం. ఆమె ప్రధానంగా బిడ్డ బరువు, ఒంటి వేడి చూస్తుంది. ఆమె వచ్చినప్పుడు తల్లి సంగతి కూడా ఇంట్లోవాళ్ళే చెప్పాలి.

చిల్లాలో మనం కలపవలసింది ఒకే ఒక్కటి: తల్లిని అడగడం. రెండు ప్రశ్నలు చాలు. "ఈ మధ్య ఎప్పుడూ దిగులుగా, ఆశ లేనట్టు వుంటున్నదా బేటీ? ఇదివరకు ఇష్టమైన పనులు ఇప్పుడు చేయబుద్ధి అవుతున్నదా?" చుట్టాల ముందు అడగకూడదు. తలుపు వేసి, పక్కన కూర్చుని, తొందర లేకుండా అడగాలి. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. చచ్చిపోవాలనిపిస్తున్నదా అని కూడా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం అక్కర్లేదు. అడిగినవాళ్ళ దగ్గర మనసు భారం దింపుకుంటారు. అవునని చెబితే ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యానికి తీసుకుపోవాలి.

భర్తలకు ప్రత్యేకంగా మనవి. రాత్రి ఒక నాలుగైదు గంటలు బిడ్డను మీరో, మీ అమ్మగారో చూసుకుని ఆమెను తెగకుండా నిద్రపోనివ్వండి. ఆ నిద్ర టానిక్కుకన్నా మేలు. ఆసుపత్రిలో ఆ రాత్రి ఏం జరిగిందో ఆమె మళ్ళీ మళ్ళీ చెప్పాలనుకుంటే పదోసారి కూడా వినండి. చెప్పొద్దంటే బలవంతం చేయకండి. ఆపరేషను ఎందుకు చేశారో డిశ్చార్జి కాగితం తీసుకుపోయి డాక్టరును అడిగి తెలుసుకోండి. తన తప్పేమీ లేదని తెలిస్తేనే సగం భారం దిగుతుంది. ఆపరేషను ఖర్చుల అప్పు మాట ఆమె ముందు ఎత్తకండి. మళ్ళీ బిడ్డ ఎప్పుడనే మాట ఆమె చెప్పేదాకా ఎవ్వరినీ అననివ్వకండి.

అత్తగార్లకు ఒక్క మాట. "మేము పదిమందిని కన్నాం, మాకు ఇవన్నీ లేవు" అంటారు. అక్కా, మీకూ వుండే వుంటాయి. మిమ్మల్ని అడిగినవాళ్ళు లేరు, అంతే. మీకు దొరకనిది మీ కోడలికి ఇవ్వగలిగే అదృష్టం ఇప్పుడు మీ చేతిలో వుంది.

చివరగా సంఘానికి మా విన్నపాలు మూడు. ఒకటి, మొయినాబాదుకూ చేవెళ్లకూ చెరి నలుగురు ఆడవాళ్ళను ఎంచి, ఏరియా దవాఖానా డాక్టరమ్మ చేత వాళ్ళకు శిక్షణ ఇప్పించాలి. కష్టమైన కాన్పు జరిగిన ప్రతి ఇంటికీ వాళ్ళు చిల్లాలో మూడుసార్లయినా వెళ్ళాలి. విన్న మాట బయట పెట్టకూడదు. రెండు, పట్నం తీసుకుపోవడానికి డబ్బుల్లేని తల్లికి ఆటో ఖర్చు, మందుల ఖర్చు జకాత్ నిధి నుంచి అర్హులకు అందేలా ఆలిములతో మాట్లాడి ఏర్పాటు చేయాలి. మూడు, ఖతీబ్ సాహెబులు ఏడాదికి ఒక జుమా ప్రసంగమైనా ఈ విషయం మీద చేయాలి. మగవాళ్ళకు ఈ మాట చేరే దారి అదే.

ఒక నంబరు కూడా రాసుకొండి: 14416. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రయినా పగలయినా ఫోను చేయవచ్చు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో బాలింత వుంటే పాల డబ్బా మీదో, గోడ క్యాలెండరు మీదో ఈ నంబరు రాసి పెట్టుకోండి.

రేపు మీలో ఎవరైనా బిడ్డను చూడడానికి ఏ ఇంటికైనా వెళతారు. బిడ్డ చేతిలో నోటు పెడతారు, దువా చేస్తారు. మంచిది. లేచి వచ్చే ముందు లోపలి గదిలోకి తొంగిచూసి, లేదా మీ ఇంటి ఆడవాళ్ళను లోపలికి పంపి, ఆ తల్లిని అడిగించండి: "బిడ్డ సరే బేటీ, నువ్వెలా వున్నావు?" అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చోమనండి.